వెల్డింగ్ నిలుస్తోంది, దాని పక్కన ఇనుము విరుగుతోంది: కల్టివేటర్, రోటావేటర్ మరమ్మతుల గురించి

ప్రశ్న – కల్వకుర్తి ప్రాంత రైతు

అందరికీ నమస్కారం. మాది కల్వకుర్తికి దగ్గరలోని ఒక పల్లె. మా భూముల్లో ఎక్కువ భాగం రాళ్లు కలిసిన ఎర్ర చెల్క, కొంత మాత్రం రేగడి. పత్తి, మక్క, పల్లి వేస్తాము. ఇంట్లో ట్రాక్టరుతో పాటు స్ప్రింగులున్న తొమ్మిది టైన్ల (నేలను చీల్చే ఇనుప కాళ్ల) కల్టివేటర్, తిరిగే బ్లేడ్లతో మట్టిని పొడి చేసే ఆరడుగుల రోటావేటర్, ఒక ట్రాలీ ఉన్నాయి. మృగశిరకు ముందు దుక్కులు జోరుగా సాగే రోజుల్లో రాయి తగిలి టైను విరగడం, కల్టివేటర్ ఫ్రేమ్ మూలల్లో చీలిక రావడం మాకు మామూలే. మండల కేంద్రంలోని షాపుకు తీసుకువెళ్తే అతికి ఇస్తారు కానీ, ఆ రోజుల్లో అక్కడ ట్రాక్టర్లు వరుస కట్టి ఉంటాయి కాబట్టి, ఒక్క టైను అతుకుపడి ఇంటికి చేరేలోగా భూమిలో పదును ఆరిపోతుంది.

నన్ను ఆలోచనలో పడేసిన సంగతి మరొకటి ఉంది. ఫ్రేముకు వేసిన అతుకులు ఏళ్ల తరబడి నిలుస్తున్నాయి, టైనుకు వేసినవి మాత్రం నిలవడం లేదు. అతుకు చెక్కుచెదరకుండా ఉంటుంది; దాని అంచు నుంచి బొటనవేలి వెడల్పు కూడా లేని దూరంలో టైను మళ్లీ విరుగుతుంది, విరిగిన ముఖం గరుకుగా, రేణువులు రేణువులుగా మెరుస్తూ కనిపిస్తుంది. అదే మనిషి, అదే మిషను, అదే రాడ్డు అయినప్పుడు ఈ తేడా ఎందుకు వస్తోంది?

ఈ వానాకాలం లోపల ఇంటి దగ్గరే చిన్న షెడ్డు వేసి, ముందు మా పనులు, చేయి కుదిరిన తర్వాత ఊరి వాళ్ల పనులు చేయాలని అనుకుంటున్నాను. కరెంటు వైరింగు పని నాకు వచ్చు, వెల్డింగ్ మాత్రం పద్ధతిగా ఎక్కడా నేర్చుకోలేదు. ఎలాంటి మిషను, ఏ రాడ్లు కొనాలి? కోతకు గ్యాస్ సెట్ కూడా కావాలా, గ్రైండర్ సరిపోతుందా? చేయి పెట్టకూడని పనులేమైనా ఉన్నాయా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు – మిర్యాలగూడ, వ్యవసాయ యంత్రాల వర్క్‌షాపు

అన్నా, మీరు గమనించినది చాలా ముఖ్యమైన విషయం. ఫ్రేము, టైను చూడడానికి రెండూ ఇనుమే అయినా వాటి గుణం వేరు. ఫ్రేముకు వాడే యాంగిలు, ఛానలు, చదరపు పైపు మైల్డ్ స్టీలు; అందులో కార్బన్ సుమారు 0.15 నుంచి 0.25 శాతం వరకే ఉంటుంది. దానిని ఎంత వేడి చేసి ఎలా చల్లార్చినా పెద్దగా గట్టిపడదు కాబట్టి, అతుకు ఒక మోస్తరుగా వేసినా నిలుస్తుంది. టైను సంగతి అలా కాదు. రాయి తగిలినా వంగిపోకుండా ఉండాలని దానిని అంతకంటే ఎక్కువ కార్బన్ ఉన్న స్టీలుతో చేసి, కాచి చల్లార్చి బలం తెప్పిస్తారు. అటువంటి స్టీలు మీద ఆర్క్ (రాడ్డు కొసన మండే కరెంటు మంట) పడినప్పుడు, అతుకును ఆనుకుని ఉన్న సన్నని పట్టీ 800 డిగ్రీలు దాటి వేడెక్కి, చుట్టూ ఉన్న చల్లని ఇనుము ఆ వేడిని వెంటనే లాగేసుకోవడం వల్ల, కొలిమిలో కాల్చిన ఇనుమును నీళ్లలో ముంచినంత వేగంగా చల్లారుతుంది. ఆ పట్టీ మిగిలిన టైను కంటే గట్టిగానూ, పెళుసుగానూ తయారవుతుంది. దానికి తోడు, రాడ్డు పూతలోని తేమ నుంచి పుట్టే హైడ్రోజన్ అందులోకి చేరి, ఒకటి రెండు రోజుల లోపల కంటికి కనిపించని పగుళ్లను తెస్తుంది. అందుకే షాపులో సుత్తితో కొట్టి చూసినప్పుడు గట్టిగానే ఉన్న టైను రెండో రోజు సాలులో విరుగుతుంది.

కాబట్టి వెల్డింగ్ నేర్చుకోవడానికి ముందు ఇనుమును గుర్తుపట్టడం నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. దీనికి ల్యాబు అవసరం లేదు. గ్రైండర్ పెట్టి, నీడలో నిప్పురవ్వలను చూడండి. మైల్డ్ స్టీలు రవ్వలు పొడుగ్గా, గీతలు గీతలుగా సాగుతాయి, చివర్లలో చీలికలు తక్కువ. కార్బన్ పెరిగేకొద్దీ గీత పొట్టిదవుతుంది, చివర గుత్తులు గుత్తులుగా చిటపటలాడే నక్షత్రాలు ఎక్కువవుతాయి. బీడుకు (పోత ఇనుముకు) వచ్చే రవ్వలు మసక ఎరుపుతో పొట్టిగా ఉండి, రాయి దగ్గరే ఆగిపోతాయి. మీకు తెలిసిన ఒక యాంగిలు ముక్క, ఒక పాత కమాన్ పట్టీ (బండి కింద ఉండే స్ప్రింగు పట్టీ), ఒక బీడు ముక్క షెడ్డులో ఉంచుకుని, కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా వాటితో పోల్చి చూస్తే కొద్దికాలంలో కంటికి అలవాటవుతుంది. ఆకురాయితో రుద్దడం కూడా పనికివస్తుంది: ఆకురాయి సులువుగా కొరికితే మెత్తని స్టీలు, జారిపోతే గట్టిపరిచిన స్టీలు. డ్రిల్లు వేస్తే బీడు పొడిపొడిగా రాలుతుంది, స్టీలు చుట్టలు చుట్టలుగా వస్తుంది.

హైదరాబాద్ ఆటోనగర్ నుంచి తెచ్చిన లారీ కమాన్ పట్టీలను మన పల్లెల్లో చాలా పనిముట్లకు వాడతారు. అవి 0.5 నుంచి 0.6 శాతం దాకా కార్బన్ ఉన్న స్ప్రింగు స్టీలు. వాటిని చల్లగా ఉన్నప్పుడే ఫ్రేముకు అతికితే, మీ టైనుకు జరిగినదే మరింత త్వరగా జరుగుతుంది.

ఇక టైను అతికే పద్ధతి. విరిగిన రెండు ముఖాలనూ గ్రైండర్‌తో రెండు వైపులా ఏటవాలుగా చెక్కి, ఎదురుగా పెడితే మొత్తం 60 డిగ్రీల కోణం వచ్చేలా చేయండి. అడుగున రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి. పైపైన పూసిన అతుకు ఎంత లావుగా ఉన్నా లోపల సగం మందం అతకకుండానే ఉండిపోతుంది. తుప్పు, రంగు, గ్రీజు, మట్టి అన్నీ పోయి ఇనుము మెరవాలి. తర్వాత అతుకుకు రెండు వైపులా నాలుగు అంగుళాల మేర 200 నుంచి 250 డిగ్రీల వరకు వేడి చేయాలి. కొలిమి ఉంటే అందులో, లేకపోతే గ్యాస్ మంటతో మెల్లగా కాచండి. వేడి చూసుకునే చాక్ లేదా ఇన్‌ఫ్రారెడ్ గన్ దొరికితే మంచిది. అవి లేకపోతే గ్రైండర్‌తో మెరిపించిన చోట రంగు చూడండి: లేత పసుపు వచ్చిందంటే 220 డిగ్రీల దగ్గర ఉన్నట్లు, నీలం వచ్చిందంటే 300 దగ్గరికి పోయినట్లు. ఆ వేడి పని అయ్యేంతవరకు తగ్గకుండా చూసుకుంటూ, ఒక్కసారిగా లావుపాటి పూత వేయకుండా పొర మీద పొరగా వేయండి. పై పొర వేడికి కింది పొర పక్కనున్న పెళుసుదనం కొంత తగ్గుతుంది. అయిపోయిన వెంటనే పొడి బూడిదలో గానీ సున్నంలో గానీ పూడ్చి, తెల్లవారేదాకా కదిలించకండి. పని తొందరలో ఉన్న రైతు బకెట్ నీళ్లు పోయమంటాడు, దానికి మాత్రం ఒప్పుకోకండి.

రాడ్ల విషయం. 6013, 7018 అనేవి రాడ్ల రకాల నంబర్లు. 6013 వేయడం సులువు, ఫ్రేములకు, ట్రాలీ రేకులకు, కేజీవీల్స్‌కు అది చాలు. టైను, డ్రాబార్ బ్రాకెట్ వంటి బరువు మోసే భాగాలకు 7018 కావాలి. పేరులోని 60, 70 అంకెలు అతుకు ఎంత లాగుడును తట్టుకుంటుందో చెబుతాయి: చదరపు అంగుళానికి 60 వేల, 70 వేల పౌండ్లు. అయితే 7018 అసలు గొప్పతనం ఆ పది వేల తేడాలో లేదు. దాని పూత హైడ్రోజన్‌ను చాలా తక్కువగా వదలడంలో ఉంది. ఆ పూత తేమను పీల్చుకుంటే ఆ గుణం పోతుంది. తెరిచి పెట్టిన రాడ్లను 300 నుంచి 350 డిగ్రీల ఓవెన్‌లో గంట, రెండు గంటలు ఎండబెట్టి, తర్వాత 100 డిగ్రీలకు తగ్గని పెట్టెలో ఉంచి వాడాలి. ఓవెన్ లేనివారు చిన్న ప్యాకెట్లు కొని, తెరిచిన రోజే వాడేయడం మేలు. వానాకాలంలో గోడకు ఆనించి పెట్టిన 7018 రాడ్డుకు, 6013కు పెద్ద తేడా మిగలదు.

మిషను 200 ఆంపియర్ల ఇన్వర్టర్ రకం వెల్డింగ్ మిషను చాలు. డీసీ కాబట్టి 7018 వేసేటప్పుడు హోల్డర్‌ను ప్లస్‌కు, ఎర్త్‌ను మైనస్‌కు పెట్టండి. 2.5 ఎంఎం 6013కు 60–90, 3.15 ఎంఎంకు 90–130, అదే మందం 7018కు 100–140 ఆంపియర్ల మధ్య ఉంచి, ముందుగా పాత ముక్క మీద వేసి చూసుకోండి. 7018తో ఆర్క్ పొట్టిగా ఉండాలి. రాడ్డును వెనక్కీ ముందుకీ ఊపే అలవాటు 6013 నుంచి వస్తుంది, దానిని ఇక్కడ మానుకోవాలి, లేకపోతే లోపల బుడగలు పడతాయి.

జవాబు – వనపర్తి, గ్యాస్ కటింగ్ పని

పైన చెప్పినవన్నీ సరైనవే. నేను కోత గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే మన దగ్గర ప్రమాదాలు ఎక్కువగా అక్కడే జరుగుతున్నాయి.

ముందు, మీకు గ్యాస్ సెట్ అవసరమా అన్న మాట. ఇంటి మటుకు పనులకు నాలుగంగుళాల గ్రైండర్ చాలు. పది మిల్లీమీటర్లు దాటిన ప్లేట్లు కోయడం, తుప్పుపట్టి బిగుసుకుపోయిన బోల్టులు తీయడం, వంగిన హుక్కులను కాచి సరిచేయడం మొదలైన రోజున గ్యాస్ సెట్ లేకుండా పని సాగదు. అందువల్ల మొదటి సంవత్సరం గ్రైండర్‌తో గడిపి, ఊరి పనులు పెరిగిన తర్వాత గ్యాస్ సెట్ తీసుకోవడం మంచిదని నా సలహా. గ్రైండర్‌ను కూడా తేలికగా తీసుకోకండి. గార్డు తీసేసి పెద్ద బ్లేడు బిగించే అలవాటు మన షాపుల్లో ఉంది; చిన్న గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది, ఆ వేగానికి తట్టుకోలేని బ్లేడు పగిలితే ముక్క ఎటు పోతుందో చెప్పలేము.

గ్యాస్ కటింగ్‌లో మంట ఇనుమును కరిగించి కోస్తుందని చాలామంది అనుకుంటారు. మంట పని ఇనుమును సుమారు 900 డిగ్రీల దాకా, అంటే మెరిసే ఎరుపు వచ్చేదాకా వేడి చేయడం వరకే. ఆ వేడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను లీవరు నొక్కి వదిలితే ఇనుమే అందులో మండిపోతుంది. అలా మండగా వచ్చిన స్లాగ్ (చిట్టెం) ఇనుము కంటే తక్కువ వేడికే కరిగి, ఆక్సిజన్ ధాటికి కింద నుంచి రాలిపోతుంది. ఈ సంగతి అర్థమైతే మిగతావన్నీ అర్థమవుతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు మీద క్రోమియం ఆక్సైడ్ పొర కరగదు కాబట్టి అది కోయబడదు. బీడులోని గ్రాఫైట్, సిలికాన్ మంటకు అడ్డం వస్తాయి కాబట్టి అదీ శుభ్రంగా తెగదు. వాటికి ప్లాస్మా కటింగ్ మిషను గానీ గ్రైండర్ గానీ కావాలి. ఆక్సిజన్ స్వచ్ఛత ఒక్క శాతం తగ్గినా కోత వేగం నాలుగో వంతు దాకా పడిపోతుంది కనుక, సిలిండర్ బాగా లేనప్పుడు చేయి ఎంత మంచిదైనా అంచు గరుకుగానే వస్తుంది.

పది పన్నెండు మిల్లీమీటర్ల ప్లేటుకు ఆక్సిజన్ రెండు, రెండున్నర కేజీల ప్రెషర్ చాలు. ఎక్కువ పెడితే త్వరగా తెగుతుందనుకోవడం పొరపాటు, అంచు పైభాగం గుండ్రంగా తినిపోయి, కింద స్లాగ్ గట్టిగా అంటుకుంటుంది. కోసిన అంచు మీద గీతలు దాదాపు నిలువుగా, దగ్గర దగ్గరగా ఉంటే వేగం సరిపోయినట్లు. వెనక్కి బాగా వంగి ఉంటే తొందరపడినట్లు. కమాన్ పట్టీ వంటి కార్బన్ స్టీలును గ్యాస్‌తో కోస్తే, పైన అన్న చెప్పిన పెళుసుదనమే ఆ అంచుకూ వస్తుంది. అలాంటి దానిని కాచి కోయాలి, కోసిన తర్వాత అంచు నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు గ్రైండర్‌తో తీసేయాలి, ఆ తర్వాతే అతకాలి.

బిగుసుకుపోయిన నట్టు తీయడానికి బోల్టును కాదు, నట్టును ఎర్రగా కాచాలి. అది వ్యాకోచించి తుప్పు పట్టు విడుస్తుంది, కొంచెం చల్లారిన తర్వాత స్పానర్ వేస్తే తిరుగుతుంది.

ఇప్పుడు జాగ్రత్తలు. మన దేశంలో ఆక్సిజన్ సిలిండర్ నలుపు, అసిటలిన్ సిలిండర్ మెరూన్ రంగులో ఉంటాయి. ఆక్సిజన్ మరలు కుడిచేతి వాటం, అసిటలిన్‌వి ఎడమచేతి వాటం, పొరపాటున ఒకదానికి మరొకటి బిగించకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. ఆక్సిజన్ రెగ్యులేటర్‌కు గ్రీజు గానీ నూనె గానీ ఎప్పుడూ తగలనివ్వకండి. నిండు సిలిండర్‌లో ప్రెషర్ 150 కేజీల దాకా ఉంటుంది, ఆ ఆక్సిజన్ నూనెను తాకితే నిప్పు లేకుండానే అంటుకుంటుంది. ట్రాక్టరు గ్రీజు చేతులతో రెగ్యులేటర్ బిగించడం మన పనిలో అతి సులభంగా జరిగే ప్రమాదం. అసిటలిన్‌ను లోపల అసిటోన్‌లో కరిగించి నింపుతారు; కనుక సిలిండర్‌ను నిలబెట్టే వాడాలి. ట్రాలీలో పడుకోబెట్టి తెచ్చినట్లయితే నిలబెట్టి కనీసం గంటసేపైనా ఆగండి. దాని ప్రెషర్ ఒక కేజీ దాటనివ్వకూడదు, దాటితే ఆ వాయువు తనంతట తానే పేలగలదు. పైపు చిరిగితే మధ్యలో రాగి గొట్టం పెట్టి కట్టడం నేను చాలాచోట్ల చూశాను. రాగి, అసిటలిన్ కలిసి పేలుడు పదార్థంగా మారుతాయి, దయచేసి ఆ పని చేయకండి. రెండు పైపులకూ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు బిగించండి. మంట వెనక్కి తన్నినప్పుడు సిలిండర్‌కు అడ్డుగా నిలిచేది అదొక్కటే.

అసిటలిన్‌కు బదులు వంట గ్యాస్‌తో కోయడం మన ప్రాంతంలో ఎక్కువ. కోతకు ఎల్పీజీ పనికివస్తుంది, దానికి తగిన నాజిల్ వేరే ఉంటుంది, కాగడానికి కొంత ఎక్కువ సమయం పడుతుంది, మంటకు నాలుగు రెట్లకు పైగా ఆక్సిజన్ తీసుకుంటుంది. దానితో స్టీలు వెల్డింగ్ మాత్రం కుదరదు. ఇంటికి ఇచ్చే 14.2 కేజీల సిలిండర్‌ను షాపులో వాడడం చట్టవిరుద్ధం, కమర్షియల్ సిలిండరే తీసుకోండి. ఎల్పీజీ గాలి కంటే బరువైనది. లీకైతే నేల మీద పరుచుకుని, గుంటల్లో నిలిచి ఉంటుంది. షెడ్డు మధ్యలో సర్వీసింగు గుంట తవ్వాలనుకుంటే గ్యాస్ సెట్ దాని దగ్గర ఉండకూడదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మరో మూడు సందేహాలు మిగిలాయి. మా రోటావేటర్ గేర్‌బాక్స్ పెట్టెకు ఒక పక్క సన్నని చీలిక వచ్చి ఆయిల్ కారుతోంది. దాని బ్లేడ్లు, కల్టివేటర్ షవెల్స్ (టైన్ల కొసకు బిగించే పారలు) మా చెల్కలో త్వరగా అరిగిపోతున్నాయి. అరిగిన చోట గట్టి రాడ్డుతో పూత వేయిస్తే ఎక్కువ కాలం వస్తాయని కొందరు అంటున్నారు, అది ఎంతవరకు నిజం? ఇక ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటుకు ఇన్వర్టర్ మిషను ఆగుతుందా, బోరు మోటారు లైను నుంచి తీసుకోవలసి ఉంటుందా?

జవాబు – నల్గొండ, వెల్డర్ ట్రేడు బోధించి రిటైరైన ఇన్‌స్ట్రక్టర్

కరెంటుతో మొదలుపెడతాను. బోరు మోటారు లైను నుంచి తీసుకోకండి. 2018 జనవరి 1 నుంచి మన తెలంగాణ రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇస్తున్నది పంపుసెట్ల కోసం. షాపు పనికి దానిని వాడితే కేసు అవుతుంది. షెడ్డుకు వేరే కనెక్షన్ పెట్టించుకోండి. 130 ఆంపియర్లతో అతుకుతున్నప్పుడు ఇన్వర్టర్ 230 వోల్టుల లైను నుంచి సుమారు 25 ఆంపియర్లు లాగుతుంది. గోడకున్న 16 ఆంపియర్ల ప్లగ్గు దానికి చాలదు. 32 ఆంపియర్ల ఎంసీబీ, కనీసం 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దూరం ఎక్కువైతే 6, సరైన ఎర్తింగు పెట్టండి. మీకు వైరింగు వచ్చు కాబట్టి ఈ మాట సరిపోతుంది.

గేర్‌బాక్స్ పెట్టె చాలావరకు బీడుతో పోస్తారు. రవ్వలతో, డ్రిల్లు పొడితో ముందుగా నిర్ధారించుకోండి. బీడు అయితే 6013 గానీ 7018 గానీ దానికి ముట్టించకండి. అతుకు చల్లారుతూ ముడుచుకునేటప్పుడు సాగే గుణం లేని బీడు పక్కనే చిట్లుతుంది, చీలిక ఒకటి రెండవుతుంది. పెట్టెలోని ఆయిల్ తీసి, గేర్లు విప్పి, చీలిక రెండు కొసలూ ఎక్కడ ఆగాయో వెతికి అక్కడ మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి, లేకపోతే వేడికి అది ముందుకు పాకుతుంది. బీడు లోపలికి ఇంకిన ఆయిల్‌ను మెల్లని మంటతో కాల్చి తీసేయాలి. అప్పుడు నికెల్ రాడ్డుతో, తక్కువ ఆంపియర్ల మీద, ఒక్కసారికి అంగుళం పొడవుకు మించకుండా అతుకు వేసి, అది వేడిగా ఉండగానే చిన్న సుత్తి గుండుతో మెల్లగా తట్టాలి. ఆ చోట చేయి పెట్టగలిగేంత చల్లారాకే మరో అంగుళం వేయాలి, అది కూడా మొదటి దాని పక్కన వేయకుండా చీలిక మరో చివర వేయాలి. నికెల్ రాడ్డు ఖరీదు ఎక్కువ, ఓపిక అంతకంటే ఎక్కువ కావాలి. చీలిక బేరింగు కూర్చునే చోటుకు చేరి ఉంటే అతకకుండా పెట్టె మార్చేయడమే మంచిది, ఎందుకంటే అక్కడ వెంట్రుకవాసి వంకర వచ్చినా గేర్లు తినేస్తాయి.

గట్టి పూత, అంటే హార్డ్‌ఫేసింగ్ గురించి. క్రోమియం కార్బైడ్ రాడ్డుతో వేసిన పూత గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సీ కొలతలో 55 నుంచి 60 దాకా గట్టిగా ఉంటుంది, ఇసుక రాపిడికి బాగా నిలుస్తుంది. కల్టివేటర్ షవెల్‌కు అది నిజంగా పనికివస్తుంది. ఒకే ముఖం మీద, అంచు వెంబడి సన్నగా వేస్తే, వేయని ముఖం ముందుగా అరుగుతూ అంచు తనంతట తానే వాడిగా నిలుస్తుంది. రెండు మూడు పొరలకు మించి వేయకూడదు. పూత మీద అడ్డంగా సన్నని గీతల్లాంటి పగుళ్లు వస్తాయి. ఆ రాడ్డు గుణమే అంత, వాటిని చూసి భయపడి మళ్లీ పూయవలసిన పని లేదు. అయితే మీ భూమిలో రాళ్లు ఎక్కువ అన్నారు. గట్టి పూత రాపిడికి ఓర్చుకుంటుంది, దెబ్బకు ఓర్చుకోదు. రాయి తగిలితే పెచ్చులూడుతుంది. కనుక రాళ్లు తక్కువగా ఉన్న మడుల్లో వాడే షవెల్స్‌కే వేసి చూడండి. రోటావేటర్ బ్లేడ్ల కొసకు కూడా తక్కువ వేడితో పలచగా వేయవచ్చు.

నేర్చుకునే విషయంలో, ఐటీఐలో వెల్డర్ ట్రేడు ఒక సంవత్సరం, ఎనిమిదో తరగతి పాసైతే చేరవచ్చు. వ్యవసాయ యంత్రాల మెకానిక్ ట్రేడు రెండేళ్లు, దానికి పదో తరగతి కావాలి. అంత కాలం కుదరని వారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్న కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది, అక్కడ రైతులకు యంత్రాల నిర్వహణ మీద తక్కువ కాలపు శిక్షణలు ఇస్తారు. మీకు దగ్గరలో పాలెం కృషి విజ్ఞాన కేంద్రం, మా వైపు కంపసాగర్ కేంద్రం ఉన్నాయి. అలాంటి శిక్షణ తరగతులు ఎప్పుడు ఉన్నాయో అక్కడ అడగండి. ఎక్కడ చేరినా, ఆర్క్ నిలపడం చేతికి వచ్చేదాకా చెత్త ముక్కల మీదే అతకండి, అతికిన ముక్కను వైస్‌లో బిగించి సుత్తితో విరిచి లోపల ఎంత అతికిందో చూడండి. పైనుంచి చూసి నేర్చుకున్నవారికీ, విరిచి చూసి నేర్చుకున్నవారికీ చాలా తేడా ఉంటుంది.

జవాబు – మిర్యాలగూడ, వ్యవసాయ యంత్రాల వర్క్‌షాపు

సార్ చెప్పినదానితో ఒక్క చోట నేను ఏకీభవించలేను, అది రోటావేటర్ బ్లేడ్ల విషయం. ఆ బ్లేడ్లు బోరాన్ స్టీలుతో చేసి, కాచి గట్టిపరిచినవి. పూత వేసిన వేడికి దాని వెనుక భాగం మెత్తబడుతుంది, బ్లేడు అక్కడ వంగడమో విరగడమో జరుగుతుంది. పీటీఓ (ట్రాక్టరు వెనుక నుంచి పనిముట్టును తిప్పే షాఫ్టు) 540 చుట్ల మీద నడిచే రోటావేటర్‌లో రోటరు నిమిషానికి సుమారు 200 చుట్లు తిరుగుతుంది. విరిగిన ముక్క వెనుక రేకును చీల్చుకుని బయటికి రాగలదు, వెనుక నడిచే మనిషి గురించి ఆలోచించండి. పైగా ఒక్కో బ్లేడుకు ఒక్కో రకంగా పూత పడితే బరువులు తేడా వచ్చి, ఆ అదురు బేరింగుల మీద పడుతుంది. బ్లేడు బోల్టులతో బిగించే వస్తువు, అరిగితే మార్చడానికే అలా చేశారు. షవెల్స్ విషయంలో మాత్రం సార్ మాటే నా మాట.

జవాబు – హుజూర్‌నగర్, హార్వెస్టర్ యజమాని

చేయి పెట్టకూడని పనులు అడిగారు, వాటి గురించి ఇంకా ఎవరూ పూర్తిగా రాయలేదు.

టైరు ఎక్కించి ఉన్న రిమ్ముకు ఎప్పుడూ వెల్డింగ్ చేయకండి. గాలి తీసేసినా సరే. రిమ్ము వేడికి లోపల రబ్బరు మాడి, మండే వాయువులు పుట్టి, టైరు బాంబులా పేలుతుంది. టైరు పూర్తిగా విప్పి పక్కన పెట్టిన తర్వాతే పని మొదలుపెట్టాలి. డీజిలు ట్యాంకు ఖాళీ అయినా లోపల ఆవిరి ఉంటుంది, దానిని అతకడానికి ఒప్పుకోకండి. ట్రాలీ హుక్కు కన్ను దగ్గర చీలితే మార్చమని చెప్పండి. వడ్ల లోడుతో కాల్వ కట్ట ఎక్కుతున్నప్పుడు అది ఊడితే ట్రాలీ వెనక్కి జారి ఎవరి మీద పడుతుందో తెలియదు. పీటీఓ షాఫ్టు కూడా అంతే, దానిని అతికితే సరిగా తిరగదు. జీఐ పైపు మీద జింకు పూతను రుద్దేయకుండా అతికితే వచ్చే తెల్లని పొగ పీల్చినవారికి రాత్రికి చలిజ్వరం వస్తుంది.

ట్రాక్టరు మీదో హార్వెస్టర్ మీదో నేరుగా అతకవలసి వస్తే ముందుగా బ్యాటరీ తీగలు విప్పండి. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి, అలాంటి వాటి ఇంజన్లలో కంప్యూటర్ పెట్టె ఉంటుంది, దాని కనెక్టరు కూడా తీసేయాలి. ఎర్త్ క్లాంపు అతుకుకు వీలైనంత దగ్గరగా, అదే భాగం మీద ఉండాలి. దూరంగా ఎక్కడో పెడితే కరెంటు మధ్యలోని బేరింగుల గుండా పోయి, లోపల గుంటలు పడతాయి. వారం తర్వాత బేరింగు మోగినప్పుడు కారణం ఎవరికీ తట్టదు.

కోత సీజనులో హార్వెస్టర్ మూలల్లో పొట్టు, గడ్డి నిండి ఉంటుంది. దానిని ఊది, నీళ్లు చల్లి, బకెట్ నీళ్లు, ఇసుక పక్కన పెట్టుకుని అతకాలి. పని అయిన తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట అక్కడే ఉండి చూడండి, లోపల దాగిన రవ్వ ఆలస్యంగా అంటుకుంటుంది. కళ్ల విషయంలో, 100 నుంచి 150 ఆంపియర్ల పనికి 10 లేదా 11 నంబరు అద్దం, గ్యాస్ కోతకు 5 నంబరు అద్దం వాడండి. షెడ్డు ముందు పిల్లలు నిలబడి చూస్తుంటారు, వాళ్లకు కనబడకుండా ఒక తడక గానీ రేకు గానీ అడ్డం పెట్టండి. ఆర్క్ వెలుగు దెబ్బ అప్పుడు తెలియదు, రాత్రి పడుకున్నాక కళ్లలో ఇసుక పోసినట్లు మండుతుంది.